ఆపా బడిలో చిక్కుడు పందిరి

మొన్న మధ్యాహ్నం మా చిన్నకోడలు నా కంచంలో చిక్కుడుకాయ కూర వడ్డించబోతే "ఆగు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే ఆమె చేతిలోని గరిటె కింద పడింది, పక్కన అన్నం తింటున్న మనవడికి పొలమారింది, వరండాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన నన్ను తేలు కుట్టిందేమోనని చెప్పు పట్టుకొని లోపలికి పరుగెత్తుకొచ్చారు. తేలూ లేదు, జెర్రీ లేదు. గిన్నెలో లేత చిక్కుడుకాయలు, పైన కొత్తిమీర. "ఏంది అమ్మీ, ఉప్పెక్కువైందా? ఇంకా నోట్ల పెట్టనే లేదు గదా" అని కోడలు బిక్కమొహం వేసింది. పాపం, ఆమె మా ఇంటికి వచ్చాక ఇదే మొదటి చలికాలం. ఈ ఇంట్లో చిక్కుడుకాయకు ఒక కట్టుబాటు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "ఇంకా ఫోన్ రాలేదు" అన్నాను. కూరకూ ఫోనుకూ పొత్తేమిటో అర్థంకాక ఆమె నావైపు చూసిన చూపులో, అత్తగారికి మతి తప్పుతోందన్న అనుమానం స్పష్టంగా కనిపించింది. మా ఆయన మాత్రం చెప్పు వదిలేసి, నవ్వుకుంటూ మళ్లీ పేపరు దగ్గరికి వెళ్లారు. ఆయన అలవాటుపడిన మనిషి.

ఆ ఫోను సంగతి చెప్పాలంటే మా ఆపా సంగతి చెప్పాలి. ఆపా అంటే మా అక్క. మా అబ్బాకు, అంటే నాన్నకు, ఖమ్మంలో గాజుల దుకాణం ఉండేది. మేమిద్దరమే పిల్లలం. నేను గాజులు చూసి మురిసిపోయే రకం, ఆపా గాజులు తొడిగే రకం. బిగుతు గాజైనా సరే, ఆపా చెయ్యి పట్టుకొని నాలుగు మాటలు చెబుతూ ఎక్కించేదంటే ఎక్కేది. పగిలిందని ఎవరూ తిరిగొచ్చింది లేదు. అదే ఓపికతో టీచరు ట్రైనింగు చదివి సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది. వాడకట్టంతా మిఠాయి పంచారు. తీరా పోస్టింగు ఎక్కడో చూస్తే, దమ్మపేట దాటి, పామాయిల్ తోటలు దాటి, అడవి అంచున వాగు దాటి ఒక గూడెం. మిఠాయి తిన్నవాళ్లే మళ్లీ వచ్చి ఓదార్చి వెళ్లారు. మా అమ్మ, మేమూ అమ్మీ అనే పిలిచేవాళ్లం, ఆమె అయితే "పులులు పట్టుకుపోయే కాడికి ఆడపిల్లను ఎట్ల పంపాలె?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూలబడింది. ఆ అడవిలో పులి కనిపించి ఎన్నేళ్లయిందో అమ్మీకి తెలియదు, మాకూ తెలియదు. చివరికి, డిగ్రీలో ఒక పేపరు నన్ను వదలకుండా పట్టుకొని ఉండటం వల్ల ఖాళీగా ఉన్న నన్ను ఆపాకు తోడు పంపారు. నేను కాపలాకు వెళ్లానని అమ్మీ అనుకునేది. నిజానికి బల్లి కనిపిస్తే ఆపా వెనక దాక్కునేది నేనే.

దమ్మపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. పొద్దున్నే ఆటోలో తోటల చివరిదాకా పోయి, అక్కడినుంచి నడక. పామాయిల్ చెట్ల కింద ఎండ పడదు, గాలి ఆడదు, ఏదో తడి వాసన. ఆ తోటలు అయిపోయాక అడవి మొదలవుతుంది, అక్కడ ఊపిరి తేలికవుతుంది. వాగులో చెప్పులు చేత పట్టుకొని దిగేవాళ్లం. బడి అంటే రేకుల కప్పు వేసిన ఒక గది, ముందు చిన్న అరుగు, వెనక రాళ్ల పొయ్యి. అన్ని తరగతులూ ఆ గదిలోనే, అన్ని తరగతుల టీచరూ ఆపానే. అది కోయగూడెం. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష వేరు, పుస్తకంలోని తెలుగు వేరు, ఆపా నోట్లోని ఖమ్మం తెలుగు ఇంకా వేరు. మొదట్లో ఆపా "నీ పేరేమిటి?" అని అడిగితే తరగతంతా ముక్తకంఠంతో "నీ పేరేమిటి!" అని అరిచేది. పాఠం అప్పజెప్పడమే చదువని అంతకు ముందెవరో వాళ్లకు నేర్పి వెళ్లారు. నాకు నవ్వాగేది కాదు. ఆపాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఆ బడిలో అందరికంటే చిన్నది ఒక పిల్ల. తల్లి లేదు, అవ్వ దగ్గర పెరిగేది. ఆమెను అవ్వ మనవరాలు అనే చెబుతాను. ఆపా చేతి గాజులు లెక్కపెట్టడం ఆ పిల్లకు పెద్ద పని. ఎరుపు, ఆకుపచ్చ అని తెలుగులో ఆపా చెబితే, తన భాషలో ఆ పిల్ల చెప్పేది. అట్లా ఒకరికొకరు టీచర్లయ్యారు. కొన్నాళ్లకు ఆపా పుస్తకం మూసి పక్కన పెట్టి, బడి పక్కన చిక్కుడు గింజలు నాటించింది. వాటికి పందిరి వేయించింది. పిల్లలు చేతులు కడిగిన నీళ్లు ఆ పాదుకే పోయేటట్టు కాలువ తీయించింది. ఇక పాఠాలన్నీ ఆ తీగ మీదే. దారం పట్టుకొని రోజూ తీగ ఎంత సాగిందో కొలిచేవాళ్లు, ఆకులు కూడేవాళ్లు, రాలిన ఆకులు తీసివేసేవాళ్లు, పలక మీద చిక్కుడు బొమ్మ వేసి కింద పేరు రాసేవాళ్లు. నోరు విప్పని పిల్లలు కూడా ఆ తీగ దగ్గర గోల పెట్టేవారు. నాకు చదువు మీద పెద్ద గౌరవం లేని రోజులవి. అయినా ఆ గోల వింటుంటే ముచ్చటేసేది.

ఒక విషయం మాత్రం విచిత్రంగా ఉండేది. తీగకు పూత వచ్చాక పిల్లలు కొలవడం మానేశారు. పిందెలు పడ్డాక ఆ పక్కకే పోవడం మానేశారు. నీళ్లు తాగడానికి కూడా చుట్టు తిరిగి వెళ్లేవారు. కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే ఒక్కరూ ఒక్క కాయ తెంపలేదు. ఆపా పొంగిపోయింది. "చూసినవా, ఎంత క్రమశిక్షణ! ఖమ్మంలో అయితే పిందె కూడా మిగిలేదా?" అని నాతో గొప్పగా చెప్పింది. నేనూ తల ఊపాను. మా ఇద్దరి చదువూ కలిపి అంతే అర్థమైంది మాకు.

అంతకు కొద్దికాలం ముందే రంజాన్ గడిచింది. ఆపా రోజా, అంటే ఉపవాసం, ఉండి, అంత దూరం నడిచొచ్చి పాఠం చెప్పేది. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు పిల్లలు వింతగా చూసి "నువ్వెందుకు తినవు?" అని అడిగారు. పొద్దుగూకి నమాజు పిలుపు వచ్చేదాకా మేము మంచినీళ్లయినా ముట్టమని ఆపా చెప్పింది. మర్నాటి నుంచి నేను చూసింది ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. పిల్లలంతా కంచాలు పట్టుకొని ఆపాకు వీపులు తిప్పి కూర్చున్నారు. తాము తినడం ఆమెకు కనబడకూడదట. అవ్వ మనవరాలైతే నీళ్ల కుండ మీద తన పలక బోర్లించి, ఆపా దాటిపోయేదాకా దాని ముందు నిలబడేది. ఎవరూ నేర్పలేదు. ఆపా ఆ సాయంత్రం దారి పొడుగునా ఆ మాటే చెప్పుకొని మురిసింది.

ఇంతలో పైనుంచి పిడుగులాంటి వార్త. ఆ బడిలో పిల్లలు తక్కువగా ఉన్నారనీ, వాగవతలి పెద్ద ఊరి బడిలో దాన్ని కలిపేస్తారనీ. వచ్చే వారం ఆఫీసరే స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతాడట. వానాకాలంలో ఆ వాగు పొంగితే పెద్దవాళ్లే దాటరు. పలక చంకన పెట్టుకున్న పసివాళ్లు ఎట్లా దాటుతారు? కలపడమంటే మూయడమేనని అందరికీ తెలుసు. ఆపా గడప గడపకూ తిరిగి "ఆఫీసరొస్తున్నడు, ఆ దినం పిల్లల్ని తప్పకుంట పంపుండ్రి, లేకుంటే బడే ఉండది" అని చెప్పొచ్చింది. మేకలు కాయడానికి పోయే పిల్లలనైనా ఆ ఒక్కరోజు పంపమని బతిమాలింది. గూడెంలో అందరూ విన్నారు. ఎవరూ అవుననలేదు, కాదనలేదు. వాళ్ల తీరే అంత అనుకున్నాం.

ఆ రోజుల్లోనే బడిలో వండిపెట్టే గూడెం ఆమె తన కూతురి కాన్పుకని అశ్వారావుపేట దవాఖానాకు వెళ్లింది. ఆమే గనక ఉంటే ఈ కథే ఉండేది కాదు. వంట నామీదా ఆపామీదా పడింది. రోజూ నీళ్ల పప్పే తింటున్నారు పిల్లలు, ఇంత కాయగూర పెడదామని ఆపా అంది. పందిరి నిండా కాయలుంటే వేరే వెతుక్కోవడం దేనికి? ఇద్దరం తెంపాం, నారలు తీశాం, ఎల్లిపాయకారం వేసి వండాం. ఆ వాసనకు నాకే నోరూరింది. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చున్నారు. అన్నం పెట్టాం, కూర వేశాం. ఒక్క చెయ్యి కంచంలోకి వెళ్లలేదు.

"తినుండ్రి" అంది ఆపా. ఎవరూ కదల్లేదు. కారమేమోనని ఆపా రుచి చూసింది, బాగానే ఉంది. మళ్లీ చెప్పింది. పిల్లలు కళ్లు దించుకున్నారు. మా ఇంట్లో అన్నం మెతుకు కింద పడితే కళ్లకద్దుకొని తీస్తాం. అల్లా ఇచ్చిన తిండిని కాదనడం ఆపాకు సహించరానిది. అలిగారనుకుంది, మారాం అనుకుంది, ఊళ్లో ఎవరో బడి మాన్పించడానికి నేర్పారనుకుంది. ఆఫీసరు గుబులొకటి నెత్తిన ఉండనే ఉంది. "అన్నం పారేస్తే పాపం తగుల్తది" అని గద్దించింది. చివరకు అవ్వ మనవరాలి పక్కన కూర్చొని, ముద్ద కలిపి, ఎంతో ప్రేమగానే, ఆ పిల్ల గడ్డం పట్టుకొని నోట్లో పెట్టింది. పిల్ల ఆపా కళ్లలోకి చూసింది. నోరు మూసుకుంది. అంతే. మిగతా పిల్లలంతా ఒక్కసారిగా లేచారు. ఏడవలేదు, అరవలేదు. పలకలు తీసుకొని ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఆ పిల్ల కూడా మూతి కడుక్కోకుండానే, మాట్లాడకుండానే వెళ్లింది. అరుగు మీద కలపని కంచాలూ, వాటి ముందు మేమిద్దరమూ. అంత నిశ్శబ్దంగా నన్నెవరూ అంతకు ముందెన్నడూ భయపెట్టలేదు.

మర్నాడు వాగు దాటి వెళ్లేసరికి బడిలో పురుగు లేదు. రోజూ మాకు ఎదురొచ్చే కుక్క కూడా రాలేదు. ఆపా గంట కొట్టింది. ఆగి మళ్లీ కొట్టింది. ఇక లాభం లేదని ఆపా నా చెయ్యి పట్టుకొని గూడెంలోకి నడిచింది. నేరుగా అవ్వ ఇంటికి. గుమ్మం ముందు అవ్వ కూర్చొని ఉంది, మనిషి బక్కపలచన, చెవులకు బరువైన పోగులు, చూపు మాత్రం సూటి. లోపల మంచం మీద ఆ పిల్ల దుప్పటి కప్పుకొని మూలుగుతోంది. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది.

"ఏమైంది అవ్వా?" అంది.

"కొత్తలు కాలేదు టీచరమ్మా" అంది అవ్వ, కోపం లేకుండా. "కొత్త చిక్కుడు ముత్యాలమ్మకు పెట్టకముందు మేం ముట్టం. కాయనే గాదు, ఆ తీగ దిక్కే పోం. ముందే తిన్నోళ్లకు కీడు. ఊరికీ కీడు. పూజారి నాడు పెడ్తడు, ఆ నాడు అమ్మకు పెట్టి అందరం తింటం."

క్రమశిక్షణ అనుకున్నామే! పిందె పడిన రోజు నుంచి చుట్టు తిరిగి నడిచారే! ఆపా తడబడుతూ, "నాకు తెల్వదు అవ్వా, పిల్లలు ఒక్కరన్న చెప్పలే" అంది.

"అడిగితే చెప్తుండ్రి. నువ్వు అడగలే. నీ రోజా సంగతి వాళ్లు అడిగిండ్రు, నువ్వు చెప్పినవు." అవ్వ లోపలి మంచం వైపు చూసి, "నీకు తెల్వదు సరే. పిల్లకు తెలుసు. తెలిసే తిన్నది. నువ్వు పెట్టినవని" అంది.

ఆపా ఆ గుమ్మంలో అట్లాగే కింద కూర్చుండిపోయింది. ఆమె అంతగా దెబ్బతినగా నేను ఎన్నడూ చూడలేదు, అబ్బా పోయిన రోజున కూడా. చాలాసేపటికి తేరుకొని, సంచిలోని జ్వరం మాత్ర ఇచ్చింది, తడిగుడ్డ వేసింది, దవాఖానాకు తీసుకుపోదామంది. అవ్వ అన్నింటికీ సరే అంది. బడి సంగతి మాత్రం తెగేసి చెప్పింది. కొత్తలు కాకముందే చిక్కుడు వండిన పొయ్యి అది. దాని మీద వండింది పిల్లలు తినరు, అది ఉన్న చోటికి రారు. కొత్తలకు ఇంకా నెల ఉంది. "ఆఫీసరు ఏనాడొస్తడంటివి?" అని అడిగింది. ఆపా చెప్పింది. వెళ్లబోతుంటే అవ్వ మళ్లీ అదే అడిగింది. ముసలావిడకు మతిమరుపనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు వాగులో దిగి, నడిమధ్య ఆపా ఆగిపోయింది. "నా రోజా నాడు ఎవరన్న నా గడ్డం పట్టుకొని నోట్ల ముద్ద పెడితే?" అంది నీళ్లలోకి చూస్తూ. మాకు వీపు తిప్పి కూర్చున్న ఆ పిల్లలే గుర్తొచ్చారు.

ఆ తర్వాత జరిగింది ఇంకో ఆశ్చర్యం. అవ్వ అదే రోజు పూజారి ఇంటి ముందు కూర్చుందట. పిల్ల కడుపులో కొత్త ముద్ద ఉంది, ఒళ్లు కాలిపోతోంది, నెల ఆగితే పిల్ల దక్కదు, కొత్తలు ఇప్పుడే పెట్టాలి అని పట్టుబట్టిందట. నాడు ముందుకు జరపడం వాళ్ల ఊళ్లో ఎవరూ ఎరగరు. పెద్దలు వాదించుకున్నారు. చివరికి పూజారి ఒప్పుకున్నాడు. ఆదివారమే కొత్తలు. టీచరమ్మ కూడా రావాలి, బడి పందిరి కాయలు తేవాలి, అవి కూడా ఈ మన్నులో కాసినవే కదా అన్నారు. ఆఫీసరు వచ్చేది సోమవారం.

ఆదివారం మేము వెళ్లాం. ఆపా ఒడినిండా చిక్కుడుకాయలు. ఊరి దేవత ముత్యాలమ్మ ముందు పూజారి తన భాషలో ఏదో చెప్పాడు, మధ్యలో టీచరమ్మ అన్న మాట ఒక్కటే మాకు తెలిసింది. తిట్టాడో దీవించాడో ఇప్పటికీ తెలియదు. తర్వాత డోలు మోగింది. ఊరంతా వండుకున్నారు. అమ్మకు కోసిన కోడి మేము తినమేమోనని, ఎందుకని అడగకుండానే, అవ్వ మా ఇద్దరికీ వేరే కుండలో ఒట్టి చిక్కుడు వండింది. ఆపా బిస్మిల్లా అనుకొని తిన్నది. ఈ ముచ్చట అమ్మీకి మాత్రం మేము చచ్చినా చెప్పలేదు. భోజనాలయ్యాక ఆడవాళ్లు బడి వెనక పాత పొయ్యి రాళ్లు పీకి వాగులో పడేసి, కొత్త రాళ్లు తెచ్చి పెట్టారు. మనవరాలికి జ్వరం దిగింది. ఆపా మాత్రల వల్లనో, అమ్మ దయవల్లనో, ఎవరి నమ్మకం వాళ్లది.

సోమవారం మేము వాగు దాటేసరికే బడి గోల వినబడింది. రోజూ వచ్చే పిల్లలే కాదు, మేకల వెంట పోయేవాళ్లు, బడి ముఖం ఎరగనివాళ్లు, చంటిదాన్ని చంకనెత్తుకున్న పెద్దపిల్లలు, అందరూ వచ్చారు. తమ కొత్తలు తిన్న మనిషి తమ మనిషేనని ఊరికి అనిపించిందట. ఆఫీసరు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయనకు లోపల కాలు పెట్టే చోటు లేదు. "ఇంతమంది ఉన్నరా ఇక్కడ!" అని బిత్తరపోయాడు. మాకంటే పెద్దగా బిత్తరపోయిన వాళ్లెవరూ లేరని ఆయనకు తెలియదు. బడి నిలబడింది. కొన్నేళ్లకు సిమెంటు గదులొచ్చాయి, ఇంకో టీచరు వచ్చాడు. ఆపా బదిలీ అడగకుండా చాలా ఏళ్లు అక్కడే ఉంది. ఏ పని మొదలుపెట్టినా ముందు ఊరిని అడిగేది. ఊరి కొత్తలను బట్టి సెలవులు పెట్టేది, ఇప్పపువ్వు ఏరే కాలంలో పిల్లలు ఏరుకొచ్చాకే గంట కొట్టేది. ఆ బడి నుంచి పిల్లలు పాల్వంచకూ భద్రాచలానికీ పై చదువులకు పోయారు. అవ్వ మనవరాలు ఇప్పుడు భద్రాచలం దవాఖానాలో నర్సు.

కానీ ఆపా ఆ ముద్దను మరిచిపోలేదు. తెలిసే తిన్నది అన్న అవ్వ మాట ఆమెలో దిగిపోయింది. తనకు పిల్లలు లేరు, నా కొడుకులనే తన కొడుకులనుకుంది. అయినా వాళ్లకు ఒక్కనాడు గోరుముద్ద పెట్టలేదు. కంచం ముందుకు జరిపి "నువ్వే తిను బేటా" అనేది. నేను దెప్పితే చేతులు చూసుకొని ఊరుకునేది. ఇంకోటి, ప్రతి చలికాలం గూడెం నుంచి "కొత్తలైనయ్" అని కబురు వచ్చేదాకా చిక్కుడుకాయ ముట్టేది కాదు. మొదట్లో కబురు సంతకొచ్చినవాళ్లు తెచ్చేవారు, తర్వాత ఆ పిల్లే ఫోన్ చేసేది. బజారులో ఏడాది పొడుగునా చిక్కుళ్లు దొరుకుతుంటే ఈ మడి ఏమిటని నవ్వుతూనే మేమంతా అదే పాటించాం. కిందటి వానాకాలం ఆపా పోయింది. ఆమె ఫోను నా దగ్గరే ఉంచుకున్నాను. అందుకే మొన్న కోడలి మీద అట్లా అరిచాను. ఆపా లేని ఈ మొదటి చలికాలంలో ఆ ఫోను మోగుతుందో మోగదో నాకు తెలియదు. మోగకపోతే ఆపా నిజంగానే పోయినట్టు అనిపిస్తుందని లోలోపల భయం.

నిన్న సాయంత్రం మోగింది.

"చిన్నమ్మా, కొత్తలైనయ్. ఇగ తినుండ్రి" అంది అవ్వ మనవరాలు. పండక్కి సెలవు పెట్టి ఊరికి వెళ్లిందట, వెనక డోలు వినిపిస్తోంది. ఇద్దరం ఆపాను తలుచుకున్నాం. ఫోను పెట్టేస్తుందనుకుంటే పెట్టలేదు.

"చిన్నమ్మా, ఒక మాట. టీచరమ్మ ఉన్నన్నాళ్లు చెప్పాల్నంటే నోరు రాలే. ఆ దినం నేను మింగలే."

"ఏంది?"

"టీచరమ్మ పెట్టిన ముద్ద. బుగ్గల పెట్టుకొని వాగు కాడికి ఉరికి ఉమ్మేసిన. అన్నం పారేస్తే పాపమన్నది గద టీచరమ్మ, ఉమ్మిన్నని చెప్తే ఏమంటదోనని భయమైంది."

ఫోను చెవికి అదుముకున్నాను. "మరి జ్వరం?"

"అది దోమల జ్వరం చిన్నమ్మా. ఆ కాలంల మా గూడెంల రానిదెవరికి?" అని నర్సు నవ్వింది.

"అవ్వకన్న చెప్పలేదా?"

"ఇంటికి పోంగనే చెప్పిన. అవ్వ నా తల నిమిరి, ఎవరడిగినా మింగిన్ననే చెప్పు అన్నది. ఎందుకో నాకు గప్పుడు తెల్వలే. పెద్దగైనంక అడిగితే, బడి ఉండొద్దా బిడ్డా అన్నది."

ఫోను ఎప్పుడు పెట్టేసిందో తెలియదు. కిందనే కూర్చుండిపోయాను, ఆనాడు అవ్వ గుమ్మంలో ఆపా కూర్చున్నట్టే. ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. తెలిసే తిన్నది అన్నప్పటి అవ్వ సూటి చూపు. ఆఫీసరు ఎప్పుడొస్తాడని రెండుసార్లు అడగడం. దాన్ని మతిమరుపనుకున్న నా తెలివి. మింగిన ముద్ద లేకపోతే కొత్తలు ముందుకు జరిగేవి కావు, కొత్తలు జరగకపోతే సోమవారం బడిలో ఒక్క పిల్ల ఉండేది కాదు. తను నమ్మే అమ్మ ముందు, తన పూజారి ముందు, ఆ ముసలావిడ అబద్ధమాడింది. దానికి ఆమె లోపల ఎంత వణికిందో మాకెవరికీ తెలియదు. ఇటు మా ఆపా, ఎన్నడూ జరగని తప్పుకు జీవితమంతా తన చేతులు కట్టేసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. కోడలు పరుగెత్తుకొచ్చి "ఏమైంది అమ్మీ, ఫోనొచ్చిందా?" అంది. వచ్చిందన్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఆమె చిక్కుడుకాయ కూర వడ్డించింది. ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, ఆగి, పక్కనే ఉన్న మనవడి నోట్లో పెట్టాను, వాడు పెట్టమని నోరు తెరిచాకే. ఆపా పెట్టకుండా మిగిల్చిన ముద్దల్లో అదొకటి. కాలం ఎవరి కోసమూ ఆగదని పెద్దలంటారు. కావచ్చు. కానీ ఒక బడి కోసం దాన్ని నెల ముందుకు లాక్కొచ్చిన ముసలమ్మ ఎదురుగా నేను నిలబడ్డాను, ఆ సంగతి తెలియడానికి నాకింత కాలం పట్టింది.